ఎండ పడని వైపు కిటికీ

విమానంలో మంచి కిటికీ సీటు ఎంచుకోవడం కూడా ఒక శాస్త్రమేనని నాకు అరవై దాటాక తెలిసింది. తెలియకపోయినా పెద్ద లోటేమీ ఉండేది కాదు. ఈ శాస్త్రానికి పండితులు ఫోన్లో దొరుకుతారు. రెక్కకు ముందు కూర్చోవాలా, వెనక కూర్చోవాలా అన్న ఒక్క విషయం మీద ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడతారు. పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురి వైపు కూడా వాళ్ళు అంతసేపు చూసి ఉండరు. ఇంత శ్రమపడి సీటు సంపాదించినవాడు అందులో కూర్చుని ఏం చేస్తాడయ్యా అంటే, విమానం లేచేటప్పుడు ఒక ఫోటో తీస్తాడు, కిటికీ తెర కిందికి లాగుతాడు, ఎదురుగా ఉన్న బుల్లితెర మీద మన సినిమా ఏదో పెట్టుకుంటాడు, నోరు తెరుచుకుని నిద్రపోతాడు. ఇంటి దగ్గర చేసే పనే. కాకపోతే ఇంటి దగ్గర సోఫాకు రెక్క అడ్డం వస్తుందన్న బెంగ ఉండదు.

ఈ శాస్త్రాన్ని మా ఇంటికి తెచ్చినవాడు మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. హనుమాన్ జంక్షన్‌లో చేపల మేత, రొయ్యల మేత అమ్ముతాడు. చదువు ఇంటర్‌తో ఆపాడు. ఆపాడనడం మర్యాద, అదే ఆగింది. రొయ్యల పుణ్యమా అని వియత్నాం, థాయ్‌లాండ్, ఇంకా ఎక్కడెక్కడో జరిగే ఎగ్జిబిషన్లకు వెళ్ళొస్తుంటాడు. వెళ్ళిన ప్రతిసారీ మా కుటుంబం గ్రూపులో ఒక ఫోటో పెడతాడు. విమానం రెక్క, కింద మబ్బులు, పైన గుడ్ మార్నింగ్ అన్న అక్షరాలు. ఏడెనిమిదేళ్ళుగా చూస్తున్నాను, అన్నీ ఒకే రెక్క. మొదటిసారి తీసినదాన్నే ఇప్పటికీ వాడుకుంటున్నాడని నా అనుమానం. మా ఆవిడ ప్రతి రెక్కకీ ఒక దణ్ణం బొమ్మ పెడుతుంది. నేను పెట్టను. ఎంఏ చదివినవాణ్ణి కదా.

పోయిన మార్చిలో మా రెండు కుటుంబాలూ కలిసి ఆస్ట్రేలియా వెళ్ళాలని అక్కాచెల్లెళ్ళు తీర్మానించారు. బెజవాడ లబ్బీపేటలో ఒక టూర్ల ఆఫీసు ఉంది. ముప్ఫై మందిని పోగేసి, వంటమనిషినీ ఆవకాయ జాడీలనూ తోడిచ్చి ప్రపంచం చూపిస్తుంది. ఖండం మారినా పెరుగన్నం మారదన్నది వాళ్ళ హామీ. హైదరాబాదులో ఉదయం విమానం ఎక్కితే మధ్యాహ్నానికి సింగపూర్, అక్కడ ఇంకోటి ఎక్కితే సిడ్నీ. అంతా కలిపి పన్నెండు పదమూడు గంటలు గాల్లో కూర్చోవాలి. అందరికీ కంగారూలను చూడాలని ఉబలాటం. మా ముప్ఫై మందిని చూడాలని కంగారూలకు ఉందో లేదో ఎవరూ అడగలేదు.

మా ఆవిడకు మాత్రం కంగారూలతో పని లేదు. ఆమె చూడాలనుకున్నది హైదరాబాదులో విమానం లేచిన మొదటి అరగంటలోనే ఉంది.

ఆమె ఉయ్యూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పింది. ప్రతి ఏడాదీ నల్లబల్ల మీద కృష్ణా డెల్టా గీసేది, పుస్తకం చూడకుండా. బెజవాడ బ్యారేజీ దగ్గర గీత మొదలుపెట్టి, పులిగడ్డ దగ్గర ఒక పాయను తూర్పుకు విడదీసి, మిగతా నదిని కిందికి లాగి, చివర వేళ్ళలా చీల్చి సముద్రంలో కలిపేది. అది అచ్చం కోడి కాలులా ఉందని పెళ్ళయిన మొదటి ఏడాదే అన్నాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళూ ఆ జోకు మార్చాల్సిన అవసరం నాకు కనపడలేదు.

ఒక ఏడాది క్లాసులో ఒక పిల్ల లేచి, మా ఊరు మీ బొమ్మలో లేదండి టీచర్, అందట. మేనమామ ఇంట్లో ఉండి చదువుకునే పిల్ల. సొంతూరు ఎదురుమొండి, నది సముద్రంలో కలిసే చోట పాయల మధ్య ఉన్న లంక. అక్కడికి పంటు ఎక్కి నీళ్ళు దాటి వెళ్ళాలి. మా ఆవిడ అప్పటికప్పుడు సుద్దముక్కతో పాయల మధ్య చింతగింజంత గుండ్రం చుట్టి, ఇదుగో మీ ఊరు, అంది. ఆ పిల్ల దాన్ని కాసేపు చూసింది.

"అంతేనాండీ?" అని అడిగి కూర్చుంది.

ఆ ఒక్క మాట మా ఆవిడను పట్టుకుని వదల్లేదు. ఆ తర్వాత ఏటా ఆ చింతగింజను అక్కడే గీసింది, ఏటా అంత నమ్మకం లేకుండానే గీసింది. సెలవుల్లో వెళ్ళి చూసొద్దామని ఒకటి రెండుసార్లు అంది. లంక మీద నిలబడితే లంక ఎంతుందో ఏం తెలుస్తుందని నేనే ఆపాను. ఫోన్లు వచ్చాక, మ్యాపులో చూసుకోవచ్చుగా అన్నాను. దానికి ఆమె, "వేళ్ళతో పెద్దది చేస్తే పెద్దదవుద్ది, చిన్నది చేస్తే చిన్నదవుద్ది. అసలు ఎంతుందో ఎట్టా తెలుస్తది?" అంది. రెండుసార్లూ న్యాయం మా ఇద్దరిలో ఎవరివైపుందో నేను ఆలోచించలేదు.

టూరు ఖాయం కాగానే ఆమె అట్లాసు తీసి, హైదరాబాదు నుంచి సింగపూరుకు ఒక దారం బిగించి లాగింది. దారం కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు కాస్త దక్షిణంగా, తాకీ తాకకుండా పోయింది. "ఎడమవైపు కిటికీ తీసుకోవాలండీ," అంది. ఆమె ఒక్కతే చెప్పి ఉంటే వినేవాణ్ణేమో. ఖర్మ కొద్దీ అదే సాయంత్రం మా తోడల్లుడు కూడా ఫోన్ చేశాడు.

"అన్నయ్యగారూ, కళ్ళు మూసుకుని లెఫ్ట్ కొట్టండి. ముప్ఫై ఎనిమిదో వరస. రెక్క అడ్డం రాదు, వ్యూ అదిరిపోద్ది."

లెఫ్ట్ ఎందుకని అడిగాను. యాప్‌లో గ్రీన్ చూపిస్తుందట. ఆ పచ్చరంగు వెనక ఏ విజ్ఞానం ఉందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలన్న బాధా లేదు. యాప్ పచ్చ చూపిస్తే రెక్క మీద కూడా కూర్చుంటాడు. ఇలాంటి మనిషి నాకు కిటికీ సీటు గురించి చెప్పడమా!

నేను బెజవాడ నుంచి ఉయ్యూరు డిగ్రీ కాలేజీకి ఇరవై ఆరేళ్ళు బస్సులో తిరిగాను. ఎకనామిక్స్ చెప్పడానికి వెళ్ళేవాణ్ణి గానీ, ఆ ఇరవై ఆరేళ్ళలో నేను నిజంగా సాధించిన పాండిత్యం సీటు విషయంలోనే. ఉదయం బందరు రోడ్డు మీద ఆగ్నేయంగా పోతుంటే ఎండ ఎడమవైపు నుంచి కొడుతుంది. కాబట్టి కుడివైపు కూర్చోవాలి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పడమటి ఎండ, అదీ ఎడమ నుంచే. మళ్ళీ కుడివైపే. బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చీ రాకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి కుడివైపు మూడో సీటు మీద పడేయడంలో నాకొక గురి ఉండేది. పాఠం చెప్పడంలో నాకు రాని పేరు అందులో వచ్చింది. తోటి లెక్చరర్లు ఒక చెంప కాలి, ఒక చెంప తెల్లగా రిటైరయ్యారు. నా చెంపలు రెండూ ఒకే రంగు.

హైదరాబాదు నుంచి సింగపూర్ కూడా ఆగ్నేయమే. అంటే బెజవాడ నుంచి బందరు పోవడమే, కాకపోతే ఉయ్యూరులో ఆగదు.

"ఎడమవైపు ఎండ కొడుతుంది," అన్నాను మా ఆవిడతో.

"విమానంలోనా?"

"ఎండకు అది విమానమని తెలుస్తుందా?"

ఆమె ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది. "నేను చూడాల్సింది అటువైపుందండీ," అంది.

నది ఎక్కడికీ పోదనీ, అంత ఎత్తు నుంచి చూస్తే రెండువైపులా కనిపిస్తుందనీ చెప్పాను. ముప్ఫై ఏళ్ళు భూగోళం చెప్పిన మనిషికి ఎకనామిక్స్ చెప్పినవాడు ఈ సంగతి వివరించడం నాకు అప్పుడు వింతగా అనిపించలేదు. ఆమె వాదించలేదు. ఇంట్లో పదిమాటలు వృథా చేయడం ఆమెకు ఇష్టముండదు. నేను కుడివైపు ముప్ఫై ఎనిమిదో వరసలో రెండు సీట్ల మీద నొక్కాను. ఆన్‌లైన్‌లో సీటు మీద నొక్కడమంటే కర్చీఫ్ వేయడమే. వరస నంబరు మా తోడల్లుడి దగ్గర తీసుకున్న మాట నిజమే, కానీ దాన్ని సలహాగా లెక్కపెట్టలేదు.

విమానం ఎక్కడాన్ని మా గుంపు గుడివాడ ప్యాసింజర్ ఎక్కినట్టే ఎక్కింది. సీటు నంబరు చేతిలో ఉన్నా, ఎవరో వచ్చి కూర్చుంటారన్న భయం మా జిల్లా రక్తంలో ఉంది. ముగ్గురు పెద్దమనుషులు తమ తమ సీట్లలో ముందు సంచులు పెట్టి, ఆ తర్వాత పైన సర్దే చోటు కోసం వెతికారు. మా తోడల్లుడు మెడ చుట్టూ దిండు తగిలించుకుని, మా వరసలోనే ఎడమ చివర కిటికీ పక్కన స్థిరపడ్డాడు. మధ్యలో రెండు నడవలు, ఏడు సీట్లు. రెక్క అడ్డం రాని సీటు అంత వెతికి పట్టుకున్న మనిషి, విమానం లేవగానే అద్దానికి మొహం ఆనించి, మెడ ముందుకు సాచి, ఎక్కడో ఉన్న రెక్కను ఫోటో తీశాడు.

నేను చెప్పినట్టే అయింది. విమానం దారిలో పడగానే ఎడమవైపు ఎండ దూసుకొచ్చింది. అటు కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే మొహాలు చిట్లించి తెరలు దించేశారు. మా తోడల్లుడు కూడా దించాడు. మావైపు చల్లగా, నీడగా, హాయిగా ఉంది. చూశావా, అన్నాను. మా ఆవిడ దూరపు చూపు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచి పెట్టుకుంది. అప్పటికి అది రెండోసారి తుడవడం. తన కిటికీలోంచి కిందికి చూసింది.

కింద ఎండిన పొలాలు, తర్వాత ఒక తీరం గీత కనిపించాయి. బాపట్ల వైపు కాబోలు. బాపట్లను కించపరచడం నా ఉద్దేశం కాదు, కానీ ఆమె దాన్ని నల్లబల్ల మీద ఎప్పుడూ గీయలేదు.

ఎదురుగా ఉన్న బుల్లితెర మీద విమానం ఎక్కడుందో చూపించే పటం నడుస్తోంది. చిన్న తెల్ల విమానం ఆగ్నేయంగా పాకుతోంది. దాని ఎడమ రెక్క పక్కన విజయవాడ అని అక్షరాలు తేలాయి. ఎడమ రెక్క పక్కన. చింతగింజంత బొమ్మలో అంత స్పష్టంగా ఉన్న విషయాన్ని కాదనడానికి ఎంఏ సరిపోలేదు. నేను ఆ తెరను కాసేపు సినిమాల వైపు తిప్పి చూశాను. ఆమె చేయి చాచి మళ్ళీ పటం పెట్టింది. తెల్ల విమానం ముందుకు జరుగుతోంది.

బెల్టు లైటు ఆరింది.

"కాస్త లేవండి," అంది.

బాత్రూమ్‌కా అని అడిగాను. కాదంది. నేను లేచి దారి ఇచ్చి, వెనకే నడిచాను. పరాయివాళ్ళ ముందు తోడల్లుణ్ణి బతిమాలే పరిస్థితి వస్తే దగ్గరుండి మాట చూసుకోవాలన్నది నా ఉద్దేశం. వెనక వంటగది దగ్గర నుంచి చుట్టూ తిరిగి అటువైపు నడవలోకి వెళ్ళాం. ఆయన చెవుల్లో తీగలు పెట్టుకుని ఏదో కొట్లాట సినిమా చూస్తున్నాడు. ఆమె చెల్లెలి భుజం మీదుగా వంగి ఆయన చేయి తట్టింది.

"మరిదిగారూ, ఆ తెర కాస్త ఎత్తుతారా? కిందన ఎదురుమొండి లంక ఉండాలి."

ఇప్పుడు ఎందుకనీ, ఎండనీ, ఫోన్లో చూపిస్తాననీ ఏదో ఒకటి అంటాడని నేను సిద్ధంగా ఉన్నాను. దానికి నా దగ్గర రెండు మూడు మాటలు కూడా తయారుగా ఉన్నాయి. ఆయన తీగలు పీకేసి, దిండు మెడకే వేలాడుతుండగా లేచి నిలబడ్డాడు.

"ఎత్తడమేంటి వదినగారూ, మీరే రండి. కూర్చోండి."

తన భార్యనూ చివరి సీటాయననూ లేపాడు. ముగ్గురూ నడవలోకి వచ్చారు, మా ఆవిడ లోపలికి వెళ్ళి కూర్చుని తెర ఎత్తింది. ఎండ ఆమె మొహం నిండా పడింది. వెనక వరసలో మా గుంపు పెద్దమనిషి ఒకాయన నిద్ర లేచి, ఎండండీ బాబూ, అని విసుక్కున్నాడు. మా తోడల్లుడు వెనక్కి తిరిగి, అయిదు నిమిషాలు ఓపిక పట్టండి, మా వదినగారు చూసుకోవాల్సిన ఊరొకటుంది, అన్నాడు. ఆ మాట నేను అనాల్సింది. నాకు తట్టిన మాటలన్నీ వేరే అవసరానికి తయారైనవి.

తర్వాత ఆయన వంగి, ఆమె భుజం మీదుగా వేలు చూపించడం మొదలుపెట్టాడు. పలకలు పలకలుగా మెరిసేవి చెరువులట. ఆ పక్కన ముదురు పచ్చగా ఉన్నది మడ అడవట. చెరువుల వ్యాపారం కొత్తలో మేత బస్తాలు తనే పంటు మీద వేసుకుని ఆ లంకలకు దాటించేవాడట. పాయలను ఇంటి గదుల్లా ఒక్కొక్కటీ చెప్పాడు. ఆ సంగతులేవీ నాకు ముందు తెలియవు. ఇన్నేళ్ళలో ఆయన్ని రెక్క గురించి తప్ప ఇంకేదీ అడిగిన గుర్తు లేదు.

"అదుగోండి వదినగారూ, రెండు పాయల మధ్యన, కొసకంటా పోయింది చూడండి. అదంతా ఎదురుమొండే."

నడవలో నిలబడ్డ నాకు ఆమె జడ ముడి, దాని చుట్టూ ఎండ, అంతే కనిపించాయి.

"అంత పెద్దదా," అంది మా ఆవిడ.

ఎవరికీ చెప్పినట్టు అనలేదు. ఆమె కదలకుండా చూస్తూనే ఉంది. కాసేపటికి కిటికీలో నీలం తప్ప ఏమీ మిగల్లేదు కాబోలు, తెర తనే దించి, లేచి వచ్చింది. మరిదికి థాంక్స్ చెప్పలేదు. చేయి మాత్రం ఒకసారి తట్టింది.

మా సీట్లలోకి వచ్చాక పెన్ను అడిగింది. కాగితం లేదు. ముందు సీటు సంచిలో కడుపులో తిప్పినవాళ్ళ కోసం పెట్టిన తెల్ల కాగితపు సంచి తీసి, మోకాలి మీద పరుచుకుని గీసింది. బెజవాడ, పులిగడ్డ, తూర్పు పాయ. చివరి వేళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. ఈసారి వాటిని ఎడంగా గీసింది. మధ్యలో అరచేయంత లంక గీసి, చుట్టూ గీత మళ్ళీ ఒకసారి దిద్దింది. ఆ సంచి దేనికోసమో తెలిసినవాణ్ణి కాబట్టి నాకు ఒక జోకు తట్టింది. మానుకుని, మరో పాత జోకు వాడాను.

"మళ్ళీ కోడి కాలే," అన్నాను.

"అవునండీ, కాలే," అంది. "చింతగింజ చూపించి ఆ పిల్లని కూర్చోబెట్టాను. అది అడిగింది కూడా."

కుడివైపు కిటికీ చాలా చల్లగా ఉంది.

ఆస్ట్రేలియా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కంగారూలు మా వైపు చూసి, మళ్ళీ గడ్డి తిన్నాయి. పన్నెండో రోజు తిరుగు ప్రయాణం. సీట్లు ఈసారి మా ఆవిడ తన ఫోన్లో తనే నొక్కింది. సింగపూర్ నుంచి మధ్యాహ్నం బయల్దేరే విమానం. తిరిగొచ్చేటప్పుడు డెల్టా కుడివైపుకు వస్తుంది, ఎండ ఎడమవైపు ఉంటుంది. అంటే కుడివైపు కూర్చుంటే నీడకు నీడ, చూపుకు చూపు. ఇరవై ఆరేళ్ళ నా శాస్త్రం మొట్టమొదటిసారి నూటికి నూరుపాళ్ళు నెగ్గింది.

ఆ కుడివైపు రెండు సీట్లలో అక్కాచెల్లెళ్ళు కూర్చున్నారు. వాళ్ళ మధ్య నలగని ఆ తెల్ల సంచి, దాని మీద పెన్ను ఉన్నాయి. నన్ను మా ఆవిడ ఎడమ చివర కిటికీ పక్కన వేసింది. నా పక్క సీటు మా తోడల్లుడిది. ఎందుకలా వేశావని అడగలేదు. అడిగితే చెప్పేది, అదే భయం.

బంగాళాఖాతం సగం దాటేసరికి పడమటి ఎండ నా ఎడమ చెంప మీదికి వచ్చి కూర్చుంది. తీరం దగ్గర పడుతోందని పటం చెప్పింది. దూరంగా అవతలి చివర ఇద్దరు ఆడవాళ్ళు ఒకే కిటికీకి తలలు ఆనించారు. నా కిటికీలోంచి బాపట్ల కనిపించింది. ఈసారి కాస్త శ్రద్ధగా చూశాను.

మా తోడల్లుడు చెవుల్లో తీగలు తీసి నా మొహం వైపు చూశాడు.

"ఎండ కొడతంది కదా అన్నయ్యగారూ, తెర దించుకోండి."

"పర్లేదులే," అన్నాను. ఆ తర్వాత, మేత బస్తాలు పంటు మీదికి ఎలా ఎక్కించేవాళ్ళని అడిగాను.